మెడ ధమని తేడాగా ఉందన్నారా? డాప్లర్, సీటీ, ఎమ్మారై, డీఎస్ఏల్లో ఏది చేయించుకోవాలి

"మెడ నరం సన్నబడిందంట సార్, ఇంకో స్కాన్ రాయండి." కళ్లు తిరుగుతున్నాయని ఎమ్మారై తీయించుకున్న ఒకాయన కవరు బల్ల మీద పెట్టి అన్న మాట ఇది. రిపోర్టులో ఒక వాక్యం కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టి ఉన్నాయి: ‘రైట్ వర్టెబ్రల్ ఆర్టరీ ఈజ్ హైపోప్లాస్టిక్.’ అంటే మెడ వెనక వైపు నుంచి మెదడుకి వెళ్లే కుడి ధమని మామూలుకన్నా సన్నగా ఉందని. రాత్రంతా ఫోన్‌లో వెతికి, పక్షవాతం దాకా వెళ్లొచ్చాడు పాపం.

అది నరం కాదు, ధమని. మనం రక్తనాళాన్ని కూడా నరమే అంటాం కాబట్టి ఈ తికమక ఎప్పుడూ ఉండేదే, దాంతో పెద్ద నష్టం లేదు. అసలు చిక్కు ‘సన్నబడింది’ అన్న మాటలో ఉంది. సన్నబడటం వేరు, సన్నగా పుట్టడం వేరు. మొదటిది జబ్బు. రెండోది మన ముక్కు తీరులాంటిది, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మెడ ధమనులకి సంబంధించి ఈ రెండింటినీ విడదీయడానికే ఇన్ని రకాల స్కాన్లు: శబ్దతరంగాలతో చూసే డాప్లర్, ఎక్స్‌రేలతో తీసే సీటీ, అయస్కాంతంతో తీసే ఎమ్మారై, ధమనిలోకి గొట్టం పంపి తీసే డీఎస్ఏ. సీటీతోనో ఎమ్మారైతోనో రక్తనాళాల బొమ్మ తీస్తే దాన్ని యాంజియో అంటారు. ఏది ఎవరికి పనికొస్తుందో రోజూ ఆ బొమ్మలు చదివేవాడిగా చెబుతాను.

ఒక్క మాట ముందే. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మెడలో ఎన్నడూ లేని నొప్పి హఠాత్తుగా వచ్చి ఒక కనురెప్ప వాలిపోవడం, వీటిలో ఏది ఉన్నా ఇది చదువుతూ కూర్చోకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ ఏ స్కాన్ అన్నది వాళ్లు తేలుస్తారు.

పుస్తకంలో పటం, ఒంట్లో పటం

గుండె నుంచి వచ్చే మహాధమని ఛాతీ పైన వంపు తిరుగుతుంది. ఆ వంపు మీద మూడు కొమ్మలు లేస్తాయి. మొదటిది కాస్త పైకెళ్లి కుడి చేతికీ, మెడ ముందు పక్కన పైకెళ్లే కుడి కెరోటిడ్‌కీ చీలుతుంది. రెండోది ఎడమ కెరోటిడ్. మూడోది ఎడమ చేతికి వెళ్లే సబ్‌క్లేవియన్. చేతి ధమనుల్లోంచి రెండు వైపులా వర్టెబ్రల్ ధమనులు పుట్టి, మెడ వెన్నుపూసల పక్క రంధ్రాల్లోంచి నిచ్చెన ఎక్కినట్టు ఎక్కి మెదడు వెనక భాగానికి చేరతాయి. కెరోటిడ్ మాత్రం కంఠమణి పై అంచు దగ్గర రెండుగా విడిపోతుంది. లోపలి కొమ్మ మెదడుకి, బయటి కొమ్మ ముఖానికి.

ఈ పటం అచ్చంగా ఇలాగే ఉండాలని ఎవరి ఒళ్లూ మాట ఇవ్వలేదు. మొదటి రెండు కొమ్మలు ఒకే మొదలు నుంచి రావడం పదిమందిలో ఒకరికైనా ఉంటుంది. దాన్ని ‘బోవైన్ ఆర్చ్’ (ఆవు వంపు) అంటారు గానీ ఆవుకి అన్ని కొమ్మలూ కలిసి ఒకే బోదెగా లేస్తాయి. పేరు పెట్టినవాళ్లు ఆవుని సరిగ్గా చూసినట్టు లేరు. ఎడమ వర్టెబ్రల్ నేరుగా వంపు నుంచే పుట్టడం వందలో అయిదుగురి వరకూ కనిపిస్తుంది. రెండు వర్టెబ్రల్స్‌లో ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉండటమైతే మరీ మామూలు. దాదాపు సగం మందికి ఎడమది పెద్దది. 2 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉంటే రిపోర్టులో ‘హైపోప్లాస్టిక్’ అని రాస్తాం.

నిజంగా అరుదైనవి వేరే ఉన్నాయి. కుడి చేతి ధమని వంపు చివర, ఎడమ పక్కన పుట్టి, అన్నవాహిక వెనక నుంచి కుడికి దాటడం ఒకటి. ఇది వందలో ఒకరికి అటూఇటూ. కెరోటిడ్ గొంతు వెనక గోడ మధ్యలోకి జరిగి రావడం ఇంకొకటి. పిండంలో ఉన్నప్పుడు కొన్నాళ్లుండి మాయమైపోవలసిన హైపోగ్లాసల్ ధమని పెద్దయ్యాక కూడా మిగిలిపోవడం మరొకటి. అన్నిటికన్నా అరుదు లోపలి కెరోటిడ్ అసలు పుట్టకపోవడం. పదివేల మందిలో ఒకరికి కూడా ఉండదు.

ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

తేడా ఎక్కడుందన్నది మొదటి ప్రశ్న. ఛాతీ ఎముక వెనకా, మెడ మధ్యా, పుర్రె అడుగునా? సగం ఎంపిక ఇక్కడే అయిపోతుంది. రెండోది, మనకి కావలసింది ధమని దారా, అందులో రక్తం వేగమా, ధమని గోడ పరిస్థితా? మూడోది మీ ఒంటి సంగతి: కిడ్నీలు, గర్భం, గుండెలో పేస్‌మేకర్, గతంలో కాంట్రాస్ట్ మందు (బొమ్మలో రక్తనాళాలు స్పష్టంగా కనబడటానికి ఎక్కించేది) పడకపోవడం.

నాలుగోది నేను అందరికన్నా ఎక్కువగా పట్టుబట్టి అడిగేది. జవాబు తెలిశాక ఏం మారుతుంది? ఆపరేషన్ తీరు మారుతుందంటే స్కాన్ కావాలి. ఏమీ మారదంటే, డబ్బూ రేడియేషనూ ఎందుకు? ‘ఒక్కసారి తీయించేస్తే మనశ్శాంతి’ అంటారు చాలామంది. ఆ మనశ్శాంతి నేను చూసినంతలో కొత్త రిపోర్టులో ఇంకో తెలియని మాట కనిపించేదాకే.

| | డాప్లర్ | సీటీ యాంజియో | ఎమ్మార్ యాంజియో | డీఎస్ఏ |
|---|---|---|---|---|
| బాగా చూపేది | మెడ మధ్య భాగం, రక్తవేగం | ఛాతీ వంపు నుంచి పుర్రె లోపలి దాకా దారి, ఎముక | దారి, ధమని గోడ, మెదడు | రక్తం ఎటునుంచి ఎటు పారుతోందో క్రమంగా, సన్న కొమ్మలు |
| తడబడేది | దవడ పైన, ఛాతీ ఎముక వెనక | రక్తవేగం | మెలికలు, ఎముక | ధమని గోడ, చుట్టుపక్కల అవయవాలు |
| రేడియేషన్ | లేదు | ఉంది | లేదు | ఉంది |
| కాంట్రాస్ట్ మందు | అక్కర్లేదు | అయోడిన్ మందు | లేకుండానూ చేయొచ్చు | అయోడిన్ మందు |
| పట్టే సమయం | 20–30 నిమిషాలు | తీసేది సెకన్లలో, తయారీతో కలిపి అరగంట లోపు | 20–40 నిమిషాలు | గంట దాకా, తర్వాత కొన్ని గంటల పడక |
| ఖర్చు | అన్నిటికన్నా తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం లేదా కాస్త ఎక్కువ | అన్నిటికన్నా ఎక్కువ |

డాప్లర్: మెడ మధ్యలో దీన్ని మించింది లేదు

మెడకి జెల్లీ రాసి, తల ఒక పక్కకి తిప్పి, ప్రోబ్‌తో కంఠమూలం నుంచి దవడ దాకా చూస్తాం. నొప్పి లేదు, సూది లేదు. ఎన్నిసార్లు చేసినా ఏమీ కాదు. లోపం ఏమిటంటే చేసే మనిషి చేతిని బట్టి ఉంటుంది. ‘నాట్ విజువలైజ్డ్’ అని రాస్తే కనబడలేదనే అర్థం. దాన్ని ‘ధమనే లేదు’ అని చదువుకోవద్దు.

అరవై దాటిన ఒకావిడని కుడి మెడ అడుగున గడ్డ ఉందని, సూదితో ముక్క తీసి పరీక్షించమని నా దగ్గరికి పంపారు. బీపీ మందులు పదేళ్లుగా వాడుతోంది. "కణితేనా నాయనా?" అంది పడుకుంటూనే. సూదికన్నా ముందు వేలు పెట్టాను. గడ్డ నాడితో పాటు వేలిని పైకి తోస్తోంది. ప్రోబ్ పెడితే కెరోటిడ్ ధమని కంఠమూలం దగ్గర మడత పడి, విల్లులా వంగి చర్మం కిందకి వచ్చింది. వయసు, బీపీ కలిస్తే కొందరిలో ధమని పొడవు సాగి ఇలా వంగుతుంది. గడ్డగా కనబడింది ఆ వంపే. సూది ట్రేని అలాగే వెనక్కి పంపేశాను. ‘మెడలో కొట్టుకునే గడ్డ’ అయితే మొదటి పరీక్ష డాప్లర్. దానికి ముందు సూది పెట్టనివ్వకండి.

థైరాయిడ్ ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి కూడా దీనితో ఒక మేలుంది. గొంతు పలికించే నరం (ఇది నిజంగా నరమే) కుడి వైపు మామూలుగా కిందికి దిగి, చేతి ధమనిని చుట్టి మళ్లీ పైకి వస్తుంది. కుడి చేతి ధమని ఎడమ పక్కన పుట్టినవాళ్లలో చుట్టడానికి అక్కడ ధమని ఉండదు. కాబట్టి నరం తిన్నగా అడ్డంగా వచ్చేస్తుంది. సర్జన్ ఊహించని చోట ఉంటుంది, తెగితే గొంతు బొంగురుపోతుంది. ప్రోబ్‌ని కుడి మెడ ఎముక వెనక్కి వంచి చూస్తే, మామూలు మనిషిలో ఒక ధమని రెండుగా చీలే పంగలకర్ర ఆకారం కనిపిస్తుంది. అది కనిపిస్తే నిశ్చింత. కనబడకుండా కెరోటిడ్ ఒక్కటే లోపలికి దిగిపోతుంటే ఆ సంగతి సర్జన్‌కి ఫోన్ చేసి చెబుతాం. థైరాయిడ్ స్కాన్‌తోపాటు రెండు నిమిషాల పని. అడిగి చూపించుకోండి.

సీటీ యాంజియో: చిక్కు ఛాతీలోనో పుర్రె అడుగునో ఉంటే

ధమని ఎక్కడ పుట్టి ఎక్కడ తిరిగిందో ఒకే బొమ్మలో చూడాలంటే నా మొదటి ఓటు దీనికే. దీని అసలు బలం మాత్రం చాలామంది అనుకునే రంగురంగుల త్రీడీ బొమ్మలో లేదు. ఎముకలో ఉంది.

లోపలి కెరోటిడ్ పుర్రెలోకి వెళ్లడానికి ఎముకలో ఒక సొరంగం ఉంటుంది. పిండంలో ధమని ఉంటేనే దాని చుట్టూ ఆ సొరంగం ఏర్పడుతుంది. ఇప్పుడు ధమని కనబడటం లేదనుకోండి. ఎండిన పంటకాలవని చూసే రైతు లెక్కే ఇక్కడ పనికొస్తుంది. కాలవ తవ్వి ఉండి నీళ్లు లేవంటే ఎక్కడో పూడుకుంది. అసలు కాలవే తవ్వలేదంటే ఆ పొలానికి నీళ్లు మొదటినుంచీ వేరే దారిలో వస్తున్నాయి. సొరంగం ఉంటే ధమని తర్వాత మూసుకుందని అర్థం, అది జబ్బు. సొరంగమే లేకపోతే పుట్టుకతోనే లేదు. వర్టెబ్రల్‌కీ ఇదే లెక్క. వెన్నుపూస పక్క రంధ్రం కూడా చిన్నదైతే ధమని సన్నగా పుట్టింది. రంధ్రం పెద్దగా ఉండి ధమని మాత్రం సన్నగా ఉంటే, గోడ చీలిందేమో, పూడిందేమో అని వెతకాలి.

ఇక ఇబ్బందులు. ఒకటి రేడియేషన్, కొన్ని మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి అందేది 2.4 మిల్లీసీవర్టులు కాబట్టి, ఒకసారికి భయపడేంత కాదు, ఊరికే మళ్లీమళ్లీ తీయించేంత తక్కువా కాదు. రెండోది అయోడిన్ మందు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పట్టుకెళ్లండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తుంటే ముందే చెప్పండి. మందు ఎక్కేటప్పుడు గొంతులోంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది, మూత్రం వచ్చేసిందేమో అనిపిస్తుంది. వచ్చి ఉండదు, కదలకండి.

సూది ఏ చేతికన్నది కూడా చూసుకోవలసిందే. ఎడమ చేతికి ఎక్కిస్తే చిక్కటి మందు గుండెకి వెళ్లే దారిలో వంపు కొమ్మల ముందు నుంచే దాటుతుంది, బొమ్మ మీద చారలు పడతాయి. అందుకే సాధారణంగా కుడి చేతికి ఎక్కిస్తారు. సందేహం కుడి చేతి ధమని మీదే అయితే మాత్రం ఎడమ చేయి మేలు. ఎందుకు తీస్తున్నామో చీటీ మీద స్పష్టంగా రాసి ఉంటే టెక్నీషియనే చూసుకుంటాడు. ‘నెక్ యాంజియో’ అని రెండు ముక్కలు రాసి పంపితే అతనికి తెలిసే దారి లేదు.

ఎమ్మార్ యాంజియో

మందు లేకుండా, రేడియేషన్ లేకుండా అయిపోతుంది కాబట్టి కిడ్నీ బాగాలేనివాళ్లకి, గర్భిణులకి తప్పనిసరైనప్పుడు ఇది మేలు. గర్భంలో గాడోలినియం (ఎమ్మారైకి వాడే కాంట్రాస్ట్) మందు మాత్రం ఎక్కించరు. ధమని గోడలో చీలిక వచ్చి అందులో రక్తం చేరిందన్న అనుమానం ఉంటే, కొవ్వు కనబడకుండా చేసి తీసే ఒక రకం బొమ్మలో అది నెలవంకలా తెల్లగా మెరుస్తుంది. ఆ పనికి దీనికి సాటి వచ్చేది లేదు.

కానీ మందు లేకుండా తీసే పద్ధతిలో ఒక మాయ ఉంది. యంత్రం కింది నుంచి పైకి పారే కొత్త రక్తాన్ని వెలుగుగా చూపిస్తుంది. ధమని మెలిక తిరిగి అడ్డంగా పారే చోట ఆ వెలుగు తగ్గిపోతుంది. మామూలు మెలికే ‘ఇక్కడ సన్నబడింది’ అన్నట్టు కనిపిస్తుంది. వర్టెబ్రల్ ధమని మొదటి వెన్నుపూస చుట్టూ తిరిగే చోట ఇది మరీ ఎక్కువ. మీ రిపోర్టులో సన్నబడిందన్నది సరిగ్గా మెలిక దగ్గరే అయితే, కంగారు పడేముందు కాంట్రాస్ట్‌తోనో సీటీతోనో సరిచూడమని అడగండి. పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే ఆ కంపెనీ కార్డు తీసుకెళ్లండి. ఇరుకు గొట్టంలో ఊపిరాడదనిపించేవాళ్లు ముందే చెప్పాలి.

డీఎస్ఏ

1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు ధమనులని మొదటిసారి ఎక్స్‌రేలో చూపించాడు. ఆ వంశమే ఇది. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో ధమనిలోకి సన్న గొట్టం పంపి, మందు వదిలి, సినిమాలా చూస్తారు. బొమ్మకి తిరుగులేదు. అయితే గొట్టం మెడ ధమనిలోకి వెళ్లే పరీక్ష కాబట్టి పక్షవాతం వచ్చే ముప్పు కొద్దిగా ఉంటుంది, శాశ్వతంగా మిగిలేది వందలో ఒకరికన్నా తక్కువ. పుట్టుకతో వచ్చిన తేడాని కేవలం పేరు పెట్టడం కోసమని దీన్ని చేయించుకోవడం నాకు నచ్చదు. చికిత్స కూడా అదే గొట్టంతో చేయబోతుంటే, లేదా కెరోటిడ్ శస్త్రచికిత్సకి ముందు మెదడుకి రక్తం ఏ దారిన అందుతోందో తేల్చాల్సి వస్తే, అప్పుడు సబబే.

ఎవరికి ఏది

*మింగుతుంటే ఛాతీ పైన అడ్డం పడుతోందని, ఎండోస్కోపీలో ఏమీ లేదన్నవాళ్లు.* లండన్‌లో డేవిడ్ బేఫర్డ్ అనే వైద్యుడు 1794లో ప్రచురించిన కేసు ఇదే. ఏళ్ల తరబడి మింగలేక చిక్కి చనిపోయిన ఒక స్త్రీ శవపరీక్షలో కుడి చేతి ధమని దారితప్పి ఉందని రాశాడు. ప్రకృతి ఆటలాడిందన్న అర్థంలో దానికి ‘లూసోరియా’ అన్న లాటిన్ పేరు నిలిచింది. ముందు బేరియం మింగించి ఎక్స్‌రే, వెనక నుంచి ఏటవాలు నొక్కు కనిపిస్తే సీటీ యాంజియో. డాప్లర్ ఇక్కడ చాలదు. ఈ తేడా ఉన్న చాలామందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. బాధ ఉన్నవాళ్లలోనూ ఎక్కువమందికి మెత్తగా, నిదానంగా నమిలి తింటే సరిపోతుంది. మణికట్టు నుంచి గుండె యాంజియో మొదలుపెట్టి, దారి దొరక్క తొడ నుంచి చేశారంటే కూడా కారణం ఒక్కోసారి ఇదే. ఆ మాట డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి.

*పిల్లలకి టాన్సిల్స్ ఆపరేషన్.* అందరికీ స్కాన్ అక్కర్లేదు. గొంతు వెనక గోడ ఒకచోట నాడిలా కొట్టుకుంటోందని డాక్టర్ గమనించినా, 22క్యూ11 అనే జన్యులోపం ఉన్న పిల్లలకి అంగిలి ఆపరేషన్ చేయబోతున్నా ముందు చూడాలి. ఈ పిల్లల్లో కెరోటిడ్ మధ్యకి జరగడం ఎక్కువ. బుద్ధిగా పడుకునే వయసైతే ఎమ్మారై. చిన్న పిల్లలకి మత్తు ఇవ్వాలి. అప్పుడు సెకన్లలో అయిపోయే సీటీ మేలా, రేడియేషన్ లేని ఎమ్మారై మేలా అన్నది మత్తు డాక్టర్‌తో కలిసి తేల్చుకోవలసిన మాట. ఏ ఇద్దరు పిల్లలకీ ఒకే సలహా నేనివ్వలేను.

*చెవిలో గుండె చప్పుడు వినిపిస్తూ, కర్ణభేరి వెనక ఎర్రగా ఏదో ఉందన్నవాళ్లు.* మందు లేకుండా చెవి ఎముకకి తీసే సన్న ముక్కల సీటీ చాలు. కెరోటిడ్ దారితప్పి మధ్య చెవిలోకి వచ్చిందేమో అందులో తేలుతుంది. అది చూడకుండా ముక్క తీయించుకోవద్దు. ధమనికి చిల్లు పడితే రక్తం ఆపడం చాలా కష్టం.

*లోపలి కెరోటిడ్ లేదన్నవాళ్లు.* ఎముక సొరంగంతో సహా సీటీ, తల లోపలి ధమనులు కూడా కలిపి. ఇలాంటివాళ్లలో నమోదైన కేసుల్లో దాదాపు నాలుగో వంతుమందికి మెదడు ధమనిలో బుడగ కనిపించింది. మామూలు జనంలో అది వందలో ఇద్దరు ముగ్గురికే. అందుకని ‘పుట్టుకతోనే లేదు, ఫర్వాలేదు’ అని సరిపెట్టుకోకుండా న్యూరో డాక్టర్ దగ్గర వరసగా చూపించుకోవాలి.

*కెరోటిడ్‌లో పూడికకి ఆపరేషన్ అనుకుని, స్కాన్‌లో హైపోగ్లాసల్ ధమని మిగిలి ఉందన్నవాళ్లు.* అరుదైనా, తెలియకపోతే ప్రమాదం. ఈ మనుషుల్లో వర్టెబ్రల్స్ సన్నగా ఉండి, మెదడు వెనక భాగం కూడా ఆ కెరోటిడ్ మీదే బతుకుతుంటుంది. ఆపరేషన్‌లో దానికి క్లిప్ పెడితే ముందుకీ వెనక్కీ కలిపి రక్తం ఆగుతుంది. సీటీ తప్పనిసరి, డీఎస్ఏ కూడా కావాలని సర్జన్ అంటే ఒప్పుకోండి.

అయిదో దారి: పాత సీడీ

ఎర్ర గీతల కవరు తెచ్చిన ఆయన్ని, ఇంతకుముందు తలకో మెడకో ఏదైనా స్కాన్ తీశారా అని అడిగాను. లేదన్నాడు. ఆయన భార్య గుర్తు చేసింది, ఏడేళ్ల కిందట బండి మీంచి పడ్డప్పుడు మెడకి సీటీ తీశారని. ఫిల్ములు బీరువా మీద అట్టల్లా అంటుకుపోయాయట, సీడీ మాత్రం ఉంది. మర్నాడు తెచ్చారు. మందు లేని మామూలు సీటీ, ధమని కనిపించదు. కానీ వెన్నుపూసలు కనిపిస్తాయి. ఆరో ఎముక నుంచి రెండో ఎముక దాకా ఒక్కోటీ తిప్పి చూపించాను. ఎడమ రంధ్రంలో పెసరగింజ పడుతుంది, కుడి రంధ్రంలో ఆవగింజ. ఏడేళ్ల కిందట కూడా అంతే. రైతు కాబట్టి కాలవ లెక్క చెప్పగానే అర్థమైంది. కొత్త స్కాన్ రాయలేదు.

"మరి ఈ కళ్లు తిరగడం సార్?" అన్నాడు. ఎప్పుడు తిరుగుతాయని అడిగితే, పడుకుని కుడికి ఒత్తిగిల్లినప్పుడని, అరనిమిషంలో తగ్గుతుందని చెప్పాడు. పక్క గదిలో చెవి డాక్టర్ ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి ఒక్కసారి వెనక్కి వాల్చింది. కనుగుడ్లు గిరగిరా కొట్టుకున్నాయి. లోపలి చెవిలో రేణువులు జారిన కేసు.